పదహారు దాటిన చోటు

కంప్యూటర్ అబద్ధం చెప్పదని నాకు చదువు చెప్పినవాళ్లందరూ చెప్పారు. వాళ్లలో ఒక్కరైనా ఖిదిర్‌పూర్ ఓడల డాకుల్లో పొద్దున్నే కూలీల పేర్ల పిలుపు దగ్గర నా పక్కన నిలబడి ఉంటే ఆ మాట అనేవారు కాదు.

ఆ రోజు పనికి వెళ్లాల్సినవాళ్లవని కంప్యూటర్‌లోంచి అచ్చయి వచ్చిన పేర్లలో గవరయ్య పేరు లేదు. అది ఉండాల్సిన చోట ఒక ఓడ పేరులో సగమూ, దాని వెనకాల ఎవరిదో తండ్రి పేరూ ఉన్నాయి. కింద అప్పలసూరి పేరు మూడుసార్లు పడింది. ఒక్క అప్పలసూరి మూడు ఓడల్లో బస్తాలు ఎలా మోస్తాడని ఎవరో అంటే అందరూ నవ్వారు. గవరయ్య నవ్వలేదు. తలకి చుట్టుకున్న తువ్వాలు విప్పి భుజాన వేసుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఏటి పాపా, నా పేరు మళ్లీ మింగీసినాదా మీ మెషిను?"

"సరిచేస్తాను గవరయ్యా. ఇంకో రెండు రోజులు ఓపిక పట్టు."

"రెండ్రోజులని మొన్ననగా సెప్పినావు" అని వాట్‌గంజ్‌లో తన గది వైపు నడిచిపోయాడు. ఆ మాటలో కోపం లేదు. ఉన్నా బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేసి తేలికపడేదాన్ని.

నా పేరు లిల్లీ. మాది హౌరా పక్కన లిలువా. నాన్న అక్కడి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నేను కంప్యూటర్ చదువు చదివి, ఓడల్లో సరుకు ఎక్కించి దించే ఒక ప్రైవేటు కంపెనీలో సిస్టమ్స్ పని చూసేదాన్ని. ఇది తొంభై ఏడో సంవత్సరం మాట. కంప్యూటర్లు వస్తే ఉద్యోగాలు పోతాయని ఏళ్ల తరబడి ఎర్రజెండాలతో ఊరేగింపులు తీసిన ఊళ్లో, డాకు కూలీల పేర్లు పిలిచే పని కంప్యూటర్‌కి అప్పగించడం చిన్న సంగతి కాదు. యూనియన్‌ని ఒప్పించడానికి మా మేనేజర్ ఘోషాల్ బాబు ఎన్ని కప్పుల టీ తాగించాడో ఆయనకే తెలియాలి.

అంతకు ముందు పేర్లు పిలిచేది బైరాగి సర్దార్. పర్మినెంటు వాళ్లకి గ్యాంగులుండేవి, వాళ్లకి చింత లేదు. వాళ్లలో ఎవరైనా రాకపోతే బదులు వెళ్లే బదిలీ వాళ్లని మాత్రం సర్దార్ పొద్దున్నే వరసలో నిలబెట్టి ఏరుకునేవాడు. ఆయన కంటికి ఆనినవాడికి పని. గవరయ్య ఎప్పుడూ ఆనలేదు. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి వచ్చి, వాట్‌గంజ్‌లో ఒక గదిలో భార్య జగ్గమ్మతో కాపురముంటున్న మనిషి. నోట్లో నాలుక లేదు. సర్దార్ ఇంటి ముందు చేతులు కట్టుకు నిలబడే అలవాటూ లేదు. వారంలో సగం రోజులు ఉత్తచేతులతో వెనక్కి వెళ్లేవాడు. మెషిన్ వచ్చాక వంతుల ప్రకారం పేర్లు రావడం మొదలైంది. గవరయ్య వంతు వచ్చిందంటే ఇక గవరయ్యే వెళ్లాలి, మధ్యలో ఎవరి కన్నూ పనిచేయదు. మెషిన్ పెట్టిన నెలలో జగ్గమ్మ ఇంత ఎండుచేప కూర వండి ఆఫీసుకి పంపింది. నా ఉద్యోగంలో నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

అలాంటి మెషిన్, ఇక్కడ అందరూ తమ పనిముట్లకి చేసే విశ్వకర్మ పూజ వెళ్లిన మర్నాటి నుంచి పేర్లు తినడం మొదలుపెట్టింది. రోజూ తిన్నా సుఖంగా ఉండేది. ఒకరోజు శుభ్రంగా ఉంటుంది, బాగుపడిందని నేను ఊపిరి పీల్చుకుంటాను, మర్నాడు మళ్లీ ఓడలకి తండ్రుల పేర్లు తగిలిస్తుంది.

బైరాగి సర్దార్ ఆ ఉదయం నా కాగితం అంచు పట్టుకుని చూసి, తాపీగా అన్నాడు. "శుక్రారం యూనియన్ మీటింగున్నాది లిల్లీ దిదీ. అప్పటికి ఇది బాగైతే సరే. నేదంటే ఎప్పట్లాగ నానే నోటితో పిలుత్తాను. నా నోరు ఎవుల పేరూ మింగనేదు."

మింగలేదు నిజమే, అసలు పలకలేదు. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. కానీ చేతిలో ఆ కాగితం పెట్టుకుని ఏ మొహంతో అనను? శుక్రవారం మెషిన్ పోతే నాకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. గవరయ్యకి మాత్రం మళ్లీ ఆ వరస, మళ్లీ ఆ కన్ను.

తప్పెక్కడుందని అడగని మనిషి లేడు, చెప్పగలిగిన మనిషీ లేడు. మెషిన్ అమ్మిన కంపెనీ ఇంజనీరు వచ్చి, టీ తాగి, పెట్టె మూత కూడా తెరవకుండా సాఫ్ట్‌వేర్ అన్నాడు. సాఫ్ట్‌వేర్ రాసిన బొంబాయి వాళ్లు ఫోన్లో హార్డ్‌వేర్ అన్నారు. ఇద్దరినీ ఒక గదిలో పెట్టి గడియ వేద్దామంటే ఒకడు ఈ ఊళ్లో, ఒకడు ఆ ఊళ్లో. ఈలోగా నేను వైరు మార్పించాను. బయటి పెట్టెలో ఉండే డిస్క్ మార్పించాను. కరెంటు ఎగుడుదిగుడుల మీద అనుమానంతో స్టెబిలైజర్ మార్పించాను. ఇక మార్చని వస్తువు నేనొక్కదాన్నే మిగిలాను. ఘోషాల్ బాబుకి ఆ ఆలోచన వచ్చేలోపు తప్పు దొరకాలి.

ఈ మార్పులన్నిటికీ నాకు చేదోడుగా ఉన్నది ఎలీయాజరు చిన్నాన్న. స్వంత చిన్నాన్న కాదు, లిలువా వర్క్‌షాపులో నాన్నతో కలిసి పనిచేసినాయన. ముప్పై ఏళ్లు లేతు మెషిన్ మీద నిలబడి రిటైరయ్యాడు. ఇంట్లో కూర్చోలేక గింజుకుంటుంటే నేనే ఘోషాల్ బాబుతో చెప్పి మెషిన్ గదికి కాపలాగా పెట్టించాను. ఆ గది తాళాలూ, మెషిన్ పెట్టె తాళంచెవీ ఆయన నడుముకే వేలాడేవి. మా చర్చి సంఘంలో ఆయన పెద్ద. రొట్టే ద్రాక్షరసమూ పంచే ప్రభువు బల్ల ఆదివారం నాడు తెల్లచొక్కా వేసుకుని రొట్టె పళ్లెం పట్టుకుని బెంచీల మధ్య నడిచేది ఆయనే.

రోజూ మట్టి కప్పులో టీ తెచ్చి నా ముందు పెట్టి, "ఇంకా దొరకనేదా తల్లీ?" అని అడిగేవాడు. మొదట్లో మర్యాదగానే జవాబిచ్చాను. రెండో వారానికి ఒళ్లు మండిపోయి, "దొరికితే నీకు చెప్పకుండా ఉంటానా? నువ్వు కూడా నా ప్రాణం తియ్యకు" అని కసిరాను. ఆయన నొచ్చుకోలేదు. అది నాకు వింతగా తోచాలి, తోచలేదు.

అన్నీ అయ్యాక కెర్నెల్ ఒక్కటే మిగిలింది. మెషిన్‌ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిమి భాగం అది. డిస్క్ మీదున్న పేర్లు ప్రింటర్ దాకా వెళ్లాలంటే ముందు మెమరీలోకి రావాలి. వాటిని మోసుకొచ్చేది డిస్క్ కంట్రోలర్ అనే కార్డు. ఫలానా చోట దించమని కెర్నెల్ మెమరీలో ఒక ఖాళీ జాగా చూపిస్తుంది, దాన్నే బఫర్ అంటారు. కార్డు తెచ్చి అక్కడ దించుతుంది, కెర్నెల్ తీసుకుంటుంది. చెప్పడానికి ఇంతే. మా దగ్గరున్నది మూలకోడ్‌తో సహా ఉచితంగా దొరికే రకం కాబట్టి లోపల ఏం జరుగుతోందో చదువుకునే వీలుంది. ఆ కార్డుని నడిపించే డ్రైవర్ ముక్కని మాత్రం మెషిన్ అమ్మినవాళ్లే రాసి అతికించారు.

ఆ కోడ్ చదివి చదివి నా కళ్లు గుంటలు పడ్డాయి. తప్పు కనిపించలేదు. చివరికి ప్రతి దింపుడుకీ ఒక కబురు రాసేలా కెర్నెల్‌ని మార్చాను. ఏ బఫర్‌లో, ఏ చిరునామాలో దించారో రాయమన్నాను. మార్చిన ప్రతిసారీ కెర్నెల్‌ని మళ్లీ తయారు చేసుకోవాలి. అది తయారయ్యేలోపు నేను హౌరా దాకా వెళ్లి రావచ్చు. ఇంతా చేసి మధ్యాహ్నం ఒక్కదాన్నే కూర్చుని పరీక్షిస్తే ఒక్క పేరు కూడా చెడదు. పొద్దున్న గుమాస్తాలందరూ తమ తమ తెరల ముందు కూర్చుని ఒక్కసారిగా పని మొదలుపెడితేనే చెడుతుంది. నేను చూస్తున్నంతసేపూ బుద్ధిమంతుడిలా ఉండి, జనం రాగానే వెర్రివేషాలు వేసే పిల్లాణ్ణి ఏం చేయాలి? చెంప పగలగొట్టాలి. దీనికి చెంప కూడా లేదు.

మంగళవారం పొద్దున్న మళ్లీ పేర్లు చెడ్డాయి. ఈసారి కబుర్లన్నీ నా దగ్గరున్నాయి. చెడిన పేర్లని ఒకవైపు, చెడనివాటిని ఒకవైపు పెట్టి చిరునామాలు చూసుకుంటే చెడినవన్నీ ఒకేచోట తేలాయి. ప్రతి ఒక్కటీ పదహారు మెగాబైట్లు దాటిన చోట దించినవే. పదహారుకి లోపల దించినవి ముత్యాల్లా ఉన్నాయి.

సంతోషించాలి కదా. నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే మా మెషిన్‌లో ఉన్న మెమరీయే పదహారు. పదహారు దాటిన చోటు అసలు లేనే లేదు. లేని గోడౌన్‌లో సరుకు దించినట్టు కెర్నెల్ నాకు కబుర్లు రాస్తోంది. నేను రాసిన కబుర్ల కోడే తప్పయి ఉండాలి. అంటే ఈ రెండు వారాలూ నేను నమ్ముకున్నదంతా తప్పే. లెక్క మళ్లీ వేశాను, మళ్లీ అదే వచ్చింది. కలం తీసి గోడకేసి కొట్టాను.

ఎలీయాజరు చిన్నాన్న టీ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "ఏటయ్యింది తల్లీ?"

"పిచ్చి పట్టింది చిన్నాన్నా. దీనికో, నాకో తెలీదు. లేని మెమరీలో దించానంటోంది. ఉన్నదే పదహారైతే పదిహేడో దాంట్లో, ఇరవయ్యో దాంట్లో ఎలా దించుతుంది?"

ఆయన టీ కప్పు బల్ల మీద పెట్టాడు. 

"పదహారు కాదు తల్లీ, ముప్పై రెండు" అన్నాడు.

ఆయన నడుముకున్న గుత్తిలోంచి పెట్టె తాళంచెవి తీసి నా చేతికిచ్చాడు. మధ్యాహ్నం మెషిన్ ఆపే వేళదాకా ఆగి మూత తెరిచాను. మెమరీ ముక్కలు రెండు ఉండాల్సిన చోట నాలుగున్నాయి. మెషిన్ వేసినప్పుడల్లా తెర మీద మెమరీ లెక్క గిర్రున తిరిగిపోతూనే ఉంది, రోజూ ఉండేదే కదా అని నేనే చదవడం మానేశాను. కొత్తవి రెండింటి అంచు మీదా ఆవగింజంత సిందూరం బొట్టు ఉంది.

నేను బొట్టు వైపు చూశాను, ఆయన నేల వైపు చూశాడు.

"నువ్వే కదా అన్నావు, మెమరీ సాలటం నేదు, మెషిన్ నత్తలాగ నడత్తంది, కంపెనీవోడు కొనడు అనీసి. చాందినీ బజార్లో మా లేతు షాపు కుర్రోడొకడు కంప్యూటర్ దుకాణం ఎట్టినాడు. ఆడినడిగి తెచ్చినాను. ఎలగ దూర్చాలో ఆడే సూపించినాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"పూజకి ఎట్టింది సెప్పుకుంటారేటి? ముప్పై ఏళ్లు లేతు మీద సేసినోణ్ణి. విశ్వకర్మ పూజనాడు అందరూ తమ తమ మెషిన్లకి కొత్తది ఏదో ఒకటి ఎట్టేవోరు. నానూ ఎట్టేవోణ్ణి. కొత్త బెల్టో, కొత్త బోల్టో. ప్రసాదం తినేవోణ్ణి కాదు, దణ్ణం ఎట్టేవోణ్ణి కాదు. మెషిన్‌కి మాత్రం ఎట్టేవోణ్ణి. అది నాకు అన్నం ఎట్టినాది కదా."

"మరి ఈ బొట్టు?"

"సెయ్యి దానంతటది ఎల్లిపోనాది" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "సంఘంలో తెలిత్తే బాగోదు తల్లీ. ఎవులికీ సెప్పకు" అన్నాడు.

నాకు జాలి కలగలేదు. కోపమొచ్చింది, అదీ ఒళ్లు తెలియని కోపం. రెండు వారాల పాటు నా ఎదురుగా నిలబడి "దొరికిందా తల్లీ" అని అడుగుతూ టీ ఇచ్చిన మనిషి ఈయన. ఆయన చెప్పిన ఒక్కమాట మొదటి రోజే చెప్పి ఉంటే గవరయ్య అన్ని పొద్దులు ఉత్తచేతులతో వెళ్లేవాడు కాదు. ఆ మాటే మొహం మీద అనేశాను.

"మంచిది ఎడితే సెడ్డ జరుగుతాదని నానెలగ అనుకుంటాను? అనుమానం వొచ్చీసరికి బయమేసినాది" అన్నాడు ఆయన.

తప్పు ఎలా జరిగిందో ఒక గంటలో తేలిపోయింది. మా కంట్రోలర్ కార్డు పాతకాలంది. దాని చెయ్యి పదహారు దాకానే అందుతుంది. యార్డులో ఒక గీత దాటితే చెయ్యి అందని క్రేన్ ఉంటుంది కదా, అలాంటిది. అయితే క్రేన్ అందకపోతే ఆగుతుంది. ఈ కార్డు ఆగదు. పదిహేడో దాంట్లో దించమంటే తిరిగి మొదటికే వచ్చి, అక్కడ ముందే ఉన్న సరుకు మీద దించేస్తుంది. ఒకరి పేరు మీద ఒక ఓడ పడేది అలాగే. కార్డు చెయ్యి ఇంతే అందుతుందని కెర్నెల్‌కి చెప్పాల్సింది డ్రైవర్. అది రాసినవాళ్లు పదహారుకి మించి ఎవరు పెడతారులే అనుకుని ఆ మాట రాయలేదు. మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడు కింది జాగాలే సరిపోతాయి కాబట్టి తప్పు కనిపించదు. జనం పెరిగి పైజాగాలు వాడుకోవాల్సి వస్తేనే బయటపడుతుంది.

కొత్త ముక్కలు రెండూ పీకి సొరుగులో పడేశాను. బుధవారం పేర్లు శుభ్రంగా వచ్చాయి. గురువారమూ వచ్చాయి. గవరయ్య తన వంతుకి ఓడ ఎక్కాడు. ఇక శుక్రవారం మీటింగులో బాగయిందని ఒక్క మాట చెప్తే చాలుననుకున్నాను.

యూనియన్ హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట ఆరడం లేదు. గోడకి జెండా, దాని కింద కుర్చీలో బైరాగి సర్దార్, పక్కన ఘోషాల్ బాబు. హాలు నిండా మన తెలుగువాళ్లే. మా సంఘంవాళ్లు కూడా అరడజను మంది ఉన్నారు. ముందు వరసలో మా పాస్టరు దయారత్నం గారి బావమరిది కూర్చున్నాడు. గవరయ్య వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఎలీయాజరు చిన్నాన్న తలుపు దగ్గర ఉన్నాడు.

నేను లేచి, కార్డు నడిపించే సాఫ్ట్‌వేర్‌లో లోపం ఉందనీ, పట్టుకున్నాననీ, రెండు రోజులుగా పేర్లు సరిగ్గా వస్తున్నాయనీ చెప్పాను. అబద్ధం ఒక్కటీ లేదు.

"బాగానే ఉన్నాది" అన్నాడు బైరాగి. "మరైతే ఆ లోపం పూజకి ముందు ఎక్కడికి పోనాది? పూజదాకా ఒక్క పేరూ సెడనేదు. పూజ అయిన మర్నాటి కాణ్ణించి సెడినాది. ఆ రోజు మెషిన్‌ని ఎవులు ముట్టుకున్నారు?"

జవాబు నా దగ్గర ఉంది. తలుపు దగ్గరున్న చిన్నాన్న వైపు చూడకుండా గోడ మీది జెండా వైపు చూశాను.

"సెప్పదు సూడండి" అన్నాడు బైరాగి జనం వైపు తిరిగి. "పెట్టెకి తాళమున్నాదన్నారు. తాళమున్న పెట్టె ఎవులో తెరిసినారు. తెరిసి ఎవుల పేర్లో తీయించినారు. నా కన్ను తప్పన్నారు కదా, మరి ఇదేటి?"

హాలంతా గోలెత్తింది. కంపెనీయే చేయించిందని ఒకడు, డబ్బిచ్చి పేర్లు మార్పిస్తున్నారని ఒకడు. ఘోషాల్ బాబు నా వైపు తిరిగి బెంగాలీలో, "కారణం చెప్పు లిల్లీ, కారణం చెప్పకపోతే ఈ మెషిన్‌ని నేను కాపాడలేను" అన్నాడు. గవరయ్య గోడ దగ్గర్నుంచి కదిలి తలుపు వైపు నడవడం చూశాను. ఇక తేలిపోయిందనుకుని వెళ్లిపోతున్నాడు. నాకు అందరి మీదా కోపమొచ్చింది. అడుగుతున్న బైరాగి మీద, రెండు మాటల్లో జవాబు లేని నా చదువు మీద, మరీ ముఖ్యంగా చిన్నాన్న మీద.

"నానే తెరిసినాను" అన్నాడు ఎలీయాజరు చిన్నాన్న తలుపు దగ్గర్నుంచి.

గోల ఆగింది.

"ఎవులు తెరమన్నారు?" అన్నాడు బైరాగి.

"ఎవులూ అన్నేదు. పూజనాడు మెషిన్‌కి కొత్త సామాను ఎట్టినాను. అది పడనేదు."

"నీకు పూజేటి? నువ్వు కిరస్తానీవోడివి కదా."

"మెషిన్ కిరస్తానీది కాదు కదా" అన్నాడు చిన్నాన్న. ఎవరో కిసుక్కుమన్నారు.

బైరాగి నవ్వలేదు. కుర్చీలో ముందుకి జరిగాడు. "పూజకే ఎట్టినోడివైతే బొట్టు ఎట్టినావా?"

ఆ ప్రశ్న విలువ హాల్లో అందరికీ తెలుసు. విశ్వకర్మ పూజనాడు క్రేన్‌కి కొత్త తాడు కట్టినా, లారీకి కొత్త హారన్ బిగించినా బొట్టు పెట్టకుండా పెట్టరు. బొట్టు పెట్టి ఇచ్చింది మెషిన్‌కి కానుక, దాన్నెవరూ తప్పు పట్టరు. బొట్టు లేకుండా తాళం తీసి పెట్టె లోపల చెయ్యి పెడితే అది దొంగపని. అవునంటే మెషిన్ దక్కుతుంది. కాదంటే సంఘంలో చిన్నాన్న పెద్దరికం దక్కుతుంది. ముందు వరసలో పాస్టరు గారి బావమరిది మెడ వెనక్కి తిప్పి చూస్తున్నాడు. బొట్టు చూసినదాన్ని నేనొక్కదాన్నే. నేను చిన్నాన్న వైపు చూసి, వద్దని తల అడ్డంగా ఊపాను. నేను ఊపడం ఆయన చూశాడు. తర్వాత గవరయ్య వైపు కూడా చూశాడు.

"ఎట్టినాను" అన్నాడు.

బైరాగి వెనక్కి ఆనుకున్నాడు. ఆయనకి కోపమున్నా ఇక అనడానికేమీ లేదు. పూజనాడు తన క్రేన్ కొక్కేనికి కొత్త తాడు కట్టి సిందూరం పూసిన చెయ్యే ఆయనది కూడా. "అయితే మరి గొడవేటి" అన్నాడు చివరికి. "పెద్దాయన బక్తిగా ఎట్టినాడు, మెషిన్‌కి అరగనేదు."

ఒక్కసారిగా నవ్వులు లేచాయి. మెషిన్ ఉండాలన్నవాళ్లు చేతులెత్తమంటే చేతులు లేచాయి. తలుపు దగ్గర గవరయ్య చెయ్యి కూడా లేచింది. ఘోషాల్ బాబు తాళం సంగతి ఎత్తనే లేదు. పూజనాడు తన టైపు మెషిన్ మీద తనే పువ్వు పెట్టుకునే మనిషి ఆయన.

నేను ఊపిరి పీల్చుకునేలోపే బైరాగి మళ్లీ అడిగాడు. "ఇప్పుడా సామాను ఏది?"

"తీసేశాను. సొరుగులో ఉంది" అన్నాను.

అప్పుడు చూడాలి హాలు. పూజకి పెట్టింది తీసేస్తారా, తీసి సొరుగులో పడేస్తారా, అందుకే కదా ఈ ఊరు ఇలా తగలడిందని తలొక మాట. పొట్టి క్రేన్‌లాగే కార్డు చెయ్యి అక్కడిదాకా అందదని చేతులు తిప్పి చూపించాను. వినే నాథుడు లేడు. ఎలా పెడతావో నీ ఇష్టం, తిరిగి పెట్టాల్సిందేనని తీర్మానం చేశారు. మెమరీ ముక్కలు రెండూ మెషిన్‌లో ఉండాలని ఒక యూనియన్ తీర్మానం చేయడం నా ఎరుకలో ఇదొక్కటే.

శనివారమంతా పళ్లు కొరుకుతూ డ్రైవర్ మార్చాను. పదహారు లోపల కొంత జాగా ప్రత్యేకంగా అట్టేపెట్టి, పైన దించాల్సిన సరుకుని కార్డు ముందు అక్కడే దించేలా, అక్కణ్నుంచి పైకి కెర్నెలే మోసుకుపోయేలా రాశాను. రాస్తున్నంతసేపూ చిన్నాన్న టీ తేలేదు. సెలవు పెట్టాడన్నారు. సోమవారం గుమాస్తాలందరూ ఒక్కసారిగా పని మొదలుపెట్టారు. పేర్లు చకచకా అచ్చయ్యాయి, ఒక్క అక్షరం చెడలేదు. గవరయ్య పేరు తన చోట తను ఉంది. తువ్వాలు తలకి చుట్టుకుని నా వైపైనా చూడకుండా ఓడ వైపు వెళ్లిపోయాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ వారం గడిచాక ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. చర్చి గుమ్మంలోనే తెలిసింది, ఆ రోజు పళ్లెం పట్టేది చిన్నాన్న కాదు. పెద్దరికం తీసేశారు. సంఘం కమిటీ మళ్లీ చెప్పేదాకా బల్లలో చెయ్యి వేయకూడదు, ఆ రొట్టె ముట్టకూడదు అన్నారు. నేను తిన్నగా పాస్టరు గారి గదిలోకి వెళ్లాను.

"మెషిన్ కోసం పెట్టాడండీ. మొక్కలేదు, దణ్ణం పెట్టలేదు" అన్నాను.

దయారత్నం గారు చెడ్డవాడు కాదు. ముఖం పీక్కుపోయి ఉంది. "నేనూ అదే కోరుకున్నానమ్మా. మనిషిని పిలిపించి అడిగాను. జనం నవ్వులాటకి అలా అన్నావు కదూ, బొట్టు పెట్టలేదు కదూ అని నేనే మాట అందించాను. పెట్టానన్నాడు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ పెట్టాననే అన్నాడు. నన్నేం చేయమంటావు?"

లోపలికి వెళ్తే చిన్నాన్న మగవాళ్ల వైపు ఆఖరి బెంచీలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. తెల్లచొక్కానే వేసుకున్నాడు. నేను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

"అటు ఆడోళ్ల కాడికి ఎల్లు తల్లీ, అందరూ సూత్తన్నారు" అన్నాడు.

"చూడనీ. లేదని ఒక్క మాట అంటే పోయేది కదా. హాల్లో అన్నావు సరే, ఇక్కడ కూడా ఎందుకన్నావు?"

"ఇక్కడ నేదంటే అక్కడ అబద్దమైపోదా? బైరాగి సెవిని పడదేటి?" అన్నాడు. పాటల పుస్తకం ఒళ్లోకి తీసుకుని అడిగాడు. "గవరయ్యకి ఈ వారం పని దొరికినాదా?"

"వంతు వచ్చినప్పుడల్లా దొరికింది."

"మరింకేటి" అని పాటల పుస్తకం తెరిచాడు.

నాకు కోపం తగ్గలేదు. ఆయన మీదో, పాస్టరు గారి మీదో, పదహారు దాటి ఎవరు పెడతారులే అనుకున్నవాడి మీదో తెలీదు. పాట అయిపోయింది. రొట్టె పళ్లెం ఒక్కో బెంచీ దాటుకుంటూ మా దగ్గరికి వచ్చింది. పట్టుకొచ్చినాయన ముఖం పక్కకి తిప్పుకుని, పళ్లేన్ని చిన్నాన్న ముందు నుంచి దాటించి నా ముందు పెట్టాడు.

"తీసుకో తల్లీ" అని చిన్నాన్న మోచేత్తో పొడిచాడు.

నేను తీసుకోలేదు.